థైరాయిడ్ రిపోర్టు చదవడం ఎలా: టీఎస్‌హెచ్ నుంచి మొదలుపెట్టండి

రిపోర్టు చేతికి రాగానే కళ్లు నేరుగా ముదురు అక్షరాల్లో ఉన్న అంకె మీదికి పోతాయి. పక్కన పైకి చూపే బాణం గుర్తు ఉంటే గుండె జారిపోతుంది. మా అమ్మ మొదటి రిపోర్టు వచ్చిన రోజు మా ఇంట్లో జరిగింది అదే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ స్టిమ్యులేటింగ్ హార్మోన్) 6.8 అని ఉంది, పక్కన బాణం. "ఎక్కువ అంటే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందన్నమాట" అంది అమ్మ. నేనూ తలూపాను. ఇద్దరం పూర్తిగా తిరగేసి అర్థం చేసుకున్నామని డాక్టరుగారు చెప్పేదాకా తెలియలేదు.

అప్పటి నుంచి అమ్మ రిపోర్టులన్నీ నేనే ఒక నోటుపుస్తకంలో రాస్తూ వస్తున్నాను. ఆ అలవాటుతో నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెబుతాను. దీన్ని చదివి మందు మొదలుపెట్టవద్దు, ఉన్న మందు ఆపవద్దు. డాక్టరుగారి ఎదురుగా కూర్చున్నప్పుడు ఆయన చెప్పేది అర్థం కావాలి, అడగవలసిన ప్రశ్న నోటికి రావాలి. ఇది అందుకోసం రాసింది.

మొదటి పని: అంకెల కంటే ముందు పై వరుసలు చదవండి

పేరు, వయసు, రక్తం తీసిన తేదీ, సమయం. ఈ నాలుగూ చూడకుండా కిందికి దిగవద్దు.

సమయం ఎందుకంటే, టీఎస్‌హెచ్ రోజంతా ఒకే తీరుగా ఉండదు. రాత్రి పొద్దుపోయాక పెరుగుతుంది, తెల్లవారుజాము దాకా ఎక్కువగానే ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి ఉదయం ఏడు గంటలకు, మరోసారి సాయంత్రం నాలుగు గంటలకు రక్తం ఇచ్చి ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, జబ్బు తగ్గినట్టు కనిపించవచ్చు. నిజానికి మారింది గడియారం మాత్రమే కావచ్చు. ఈ పరీక్షకు పరగడుపునే వెళ్లాలన్న కచ్చితమైన నియమం లేదు. ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు, వీలైతే ఉదయం పూట, ఒకే ల్యాబ్‌లో రక్తం ఇవ్వడం మాత్రం చాలా మేలు.

వయసు ఎందుకంటే, పసిపిల్లల అంకెలు వేరు, ముసలివాళ్ల అంకెలు వేరు. బిడ్డ పుట్టిన తొలి గంటల్లో టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి, తర్వాతి రోజుల్లో దిగుతుంది. మరీ తొందరగా తీసిన రక్తంలో అది ఎక్కువ కనిపిస్తే మళ్లీ పరీక్ష చేయించమంటారు. ఆ మాటను ఎంత మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు, ఎందుకంటే పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు తొలి వారాల్లోనే మందు అందితే మెదడు ఎదుగుదల కాపాడుకోవచ్చు. ఇక రెండో కొసన, 80 ఏళ్లు దాటిన ఆరోగ్యవంతుల్లో టీఎస్‌హెచ్ 7 దాకా ఉండటం కూడా మామూలే. రిపోర్టులో అచ్చయిన హద్దు సాధారణంగా పెద్దవాళ్లందరికీ కలిపి వేసినది. తాతగారికీ మనవడికీ అదే గీత గీస్తుంది.

రెండో పని: హద్దు ఎక్కడిది, కొలమానం ఏమిటి?

ప్రతి అంకె పక్కన ఒక హద్దు ఉంటుంది. టీఎస్‌హెచ్‌కి చాలా ల్యాబ్‌లలో అది 0.4 నుంచి 4.0 లేదా 4.5 వరకు. థైరాయిడ్ తయారుచేసే టీ4 హార్మోనులో విడిగా ఉండే భాగాన్ని ఫ్రీ టీ4 అంటారు, దానికి సుమారు 0.8 నుంచి 1.8. ఈ అంకెలు కంఠతా పట్టనవసరం లేదు. పరీక్ష చేసే యంత్రాన్ని బట్టి, రసాయనాన్ని బట్టి హద్దు మారుతుంది కాబట్టి మీ అంకెను మీ రిపోర్టులో అచ్చయిన హద్దుతోనే పోల్చాలి. పక్కింటివాళ్ల రిపోర్టుతో పోల్చవద్దు.

ఆ హద్దును ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తం పరీక్షించి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెల్ని తీసుకుని, ఆ రెండు కొసలనూ హద్దుగా పెడతారు. అంటే ఏ జబ్బూ లేనివాళ్లలోనే ప్రతి ఇరవైమందిలో ఒకరి అంకె హద్దు బయట పడుతుంది. బాణం గుర్తు యంత్రం వేసేది. దానికి మీ వయసు తెలియదు, మీ ఒంట్లో ఎలా ఉందో తెలియదు, నిన్నటిదాకా మీకు జ్వరం ఉందో లేదో తెలియదు.

కొలమానం దగ్గర చాలామంది పొరబడతారు. టీఎస్‌హెచ్‌ని ఒక ల్యాబ్ మిల్లీలీటరుకు ఇన్ని మైక్రో యూనిట్లు అని, మరొకటి లీటరుకు ఇన్ని మిల్లీ యూనిట్లు అని రాస్తుంది. ఈ రెండూ ఒకటే. 3.2 ఎక్కడైనా 3.2నే. ఫ్రీ టీ4 అలా కాదు. డెసిలీటరుకు నానోగ్రాముల్లో 1.2 ఉన్నది, లీటరుకు పికోమోల్స్‌లో రాస్తే 15.4 అవుతుంది. 12.87తో గుణించాలి, అంతే. ల్యాబ్ మార్చిన నెలలో 1.2 నుంచి 15.4కి పోయిందని కంగారుపడేముందు కొలమానం చూడండి. టీ3 అనే మరో థైరాయిడ్ హార్మోను మొత్తం కొలత కూడా అంతే: మిల్లీలీటరుకు 1.2 నానోగ్రాములన్నా, డెసిలీటరుకు 120 నానోగ్రాములన్నా తేడా లేదు.

మూడో పని: టీఎస్‌హెచ్ అంకెను సరైన దిక్కు నుంచి చదవండి

మా ఇంట్లో పొరపాటు జరిగింది ఇక్కడే. టీఎస్‌హెచ్ పేరులో థైరాయిడ్ ఉన్నా, అది థైరాయిడ్ తయారుచేసేది కాదు. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని విడుదల చేస్తుంది. గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్‌కు "పని చెయ్యి" అని పంపే ఆజ్ఞ అది. పిలిస్తే పలకని మనిషిని మనం ఇంకా గట్టిగా పిలుస్తాం కదా, పిట్యూటరీ చేసేదీ అదే. థైరాయిడ్ మందకొడిగా ఉంటే కేక పెద్దదవుతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ మితిమీరి పనిచేస్తుంటే పిట్యూటరీ నోరు మూసుకుంటుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. కాబట్టి టీఎస్‌హెచ్ ఎక్కువంటే దాదాపు ఎప్పుడూ థైరాయిడ్ తక్కువ పనిచేస్తోందని అర్థం.

ఈ కేక చాలా సున్నితమైనది. రక్తంలో ఫ్రీ టీ4 సగానికి తగ్గితే టీఎస్‌హెచ్ సుమారు వంద రెట్లు పెరుగుతుంది. అందుకే టీ4 ఇంకా హద్దులోనే ఉండగా టీఎస్‌హెచ్ ముందుగా పక్కకు జరుగుతుంది, అందుకే డాక్టర్లు మొదట దాన్నే అడుగుతారు. ఈ సున్నితత్వానికి మరో ముఖం కూడా ఉంది. ఏ జబ్బూ మారకుండానే ఒకే మనిషిలో టీఎస్‌హెచ్ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. పోయినసారి 2.1, ఈసారి 2.9 వచ్చిందంటే జబ్బు ముదిరిందని కాదు. అది ఊపిరి తీసుకున్నంత సహజం.

నాలుగో పని: టీఎస్‌హెచ్ పక్కన ఫ్రీ టీ4 పెట్టండి

థైరాయిడ్ తయారుచేసేది ప్రధానంగా టీ4. పేరులోని 4 అంటే అందులో నాలుగు అయోడిన్ పరమాణువులున్నాయని. రక్తంలో తిరిగే టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. విడిగా, పనికి సిద్ధంగా ఉండేది 0.03 శాతం మాత్రమే. దాన్నే ఫ్రీ టీ4 అంటారు. మొత్తం టీ4 అనేది అతుక్కున్నదాన్ని కూడా కలిపి లెక్కించేది కనుక, ఆ ప్రోటీన్ పెరిగినప్పుడల్లా, అంటే గర్భధారణలోనూ ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడుతున్నప్పుడూ, థైరాయిడ్ బాగున్నా ఎక్కువ చూపిస్తుంది. మీ రిపోర్టులో టీ3, టీ4, టీఎస్‌హెచ్ అని మాత్రమే ఉంటే, అందులో ఫ్రీ అన్న మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే అది మొత్తం కొలత.

ఇప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చదవండి. అసలు అర్థం ఈ జంటలోనే ఉంటుంది.

టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 తక్కువ. థైరాయిడ్ తన పని తాను చేయలేకపోతోంది. దీన్నే హైపోథైరాయిడిజం అంటారు. ఇందులో పెద్ద అనుమానం ఉండదు, మందు అవసరమవుతుంది. నీరసం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, నెలసరి ఎక్కువగా కావడం లాంటివి తోడుంటాయి. కొందరిలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా.

టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 హద్దులోనే. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, అమ్మ మొదటి రిపోర్టు కూడా ఇదే. దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. థైరాయిడ్ ఇంకా సరిపడా హార్మోను ఇస్తోంది, కానీ పిట్యూటరీ గట్టిగా అరిస్తే తప్ప ఇవ్వడం లేదు. ఒక్క రిపోర్టుతో ఇక్కడ ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, చాలామందిలో అంకె తనంతట తానే హద్దులోకి వస్తుంది. టీఎస్‌హెచ్ 10 దాటి అక్కడే నిలిస్తే సాధారణంగా మందు మొదలుపెడతారు. 10 లోపు ఉంటే వయసు, లక్షణాలు, యాంటీబాడీలు (వీటి సంగతి కింద చెబుతాను), గుండె పరిస్థితి, గర్భం ఉందా లేక ప్రయత్నిస్తున్నారా అన్నవి చూసి నిర్ణయిస్తారు. ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు 5, 6 చూసి వెంటనే మాత్ర మొదలుపెట్టడం మేలు చేయకపోగా గుండెకు భారం కావచ్చు. "ఎందుకు ఇప్పుడే మందు?" అని అడగడం తప్పు కాదు. "ఎందుకు ఇప్పుడే వద్దు?" అని అడగడం కూడా తప్పు కాదు. నా అనుభవంలో మంచి డాక్టరు ఈ రెండు ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబిస్తారు.

టీఎస్‌హెచ్ బాగా తక్కువ, ఫ్రీ టీ4 ఎక్కువ. థైరాయిడ్ హార్మోను ఒంట్లో మోతాదు మించింది. గుండెదడ, చేతులు వణకడం, చెమటలు, బరువు తగ్గడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తాయి. ఇక్కడ "థైరాయిడ్ ఎక్కువ తయారుచేస్తోంది" అని వెంటనే అనుకోకూడదు. గ్రంథికి వాపు వచ్చి, లోపల దాచుకున్న హార్మోను ఒలికిపోతున్నా ఇదే అంకె వస్తుంది. కాన్పు తర్వాత కొన్ని నెలలకు కొందరు తల్లుల్లో జరిగేది ఇదే: ముందు టీఎస్‌హెచ్ పడిపోతుంది, తర్వాత పెరుగుతుంది, చాలామందిలో చివరికి సర్దుకుంటుంది. పసిబిడ్డతో రాత్రుళ్లు నిద్ర లేక అలసిపోయిందనుకుని వదిలేసే తల్లులెందరో. కాన్పయిన ఏడాదిలోపు గుండెదడ గానీ విపరీతమైన నీరసం గానీ ఉంటే ఈ పరీక్ష ఒకసారి అడగండి.

టీఎస్‌హెచ్ తక్కువ, ఫ్రీ టీ4 హద్దులోనే. ఇప్పుడు టీ3 చూడాలి. అదొక్కటే పెరిగి ఉండవచ్చు. అదీ మామూలుగా ఉంటే, రెండు మూడు నెలల్లో మళ్లీ చూస్తారు. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లయితే డోసు ఎక్కువైందేమోనని మొదట అనుమానించాలి. 65 ఏళ్లు దాటినవారిలో టీఎస్‌హెచ్ 0.1 కంటే తక్కువగా ఉండిపోతే గుండె లయ తప్పే ప్రమాదం, ఎముకలు పలచబడే ప్రమాదం పెరుగుతాయి. ఒంట్లో బాగానే ఉందని వదిలేయవద్దు. థైరాయిడ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన కొందరికి మాత్రం డాక్టర్లే కావాలని టీఎస్‌హెచ్‌ను తగ్గించి ఉంచుతారు.

ఫ్రీ టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ మాత్రం తక్కువ లేదా మామూలు. ఈ జంటను గుర్తుపెట్టుకోండి. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసే మనిషి దీన్ని పూర్తిగా దాటిపోతాడు. థైరాయిడ్ పలకడం లేదు, అయినా పిట్యూటరీ గట్టిగా పిలవడం లేదంటే లోపం పిట్యూటరీలోనే ఉండవచ్చు. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నవాళ్లలోనూ ఇలా రావచ్చు. పిట్యూటరీ అనుమానం ఉంటే థైరాయిడ్ మాత్ర ఇచ్చే ముందు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోను) కూడా చూడాలి. అది లోపించిన మనిషికి ముందుగా థైరాయిడ్ మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇలాంటి రిపోర్టుతో ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల జబ్బుల డాక్టరు) దగ్గరికే వెళ్లండి.

రెండూ ఎక్కువగా ఉండటం అరుదు. మొదట ల్యాబ్ లెక్కనూ, మాత్ర వేసుకున్న తీరునూ అనుమానించండి. ఆ సంగతి కింద చెబుతాను.

ఐదో పని: టీ3 ఎప్పుడు చూడాలి

హైపోథైరాయిడిజంలో టీ3 పెద్దగా ఉపయోగపడదు. ఒంట్లోని టీ3లో దాదాపు 80 శాతం టీ4 నుంచే థైరాయిడ్ బయట తయారవుతుంది. టీ4 తగ్గుతున్నా శరీరం టీ3ని చివరిదాకా కాపాడుకుంటుంది. అందుకే టీ3 బాగుంది కాబట్టి థైరాయిడ్ బాగుందని అనుకోకూడదు. టీఎస్‌హెచ్ తక్కువగా ఉన్నప్పుడే టీ3కి విలువ.

ఆరో పని: యాంటీబాడీల అంకెకు భయపడవద్దు, దాని మాట వినండి

థైరాయిడ్‌లోని టీపీఓ అనే ఎంజైమ్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను కొలిచే యాంటీ టీపీఓ అన్న పరీక్షలో హద్దు 35 ఉంటే, మీ రిపోర్టులో 600 రావచ్చు. అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదని కాదు. మన రోగనిరోధక వ్యవస్థ థైరాయిడ్‌ను పరాయిదిగా చూస్తోందని మాత్రమే అది చెబుతుంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో వర్ణించిన జబ్బు ఇదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. థైరాయిడ్ చక్కగా ఉన్నవాళ్లలోనూ సుమారు పదిమందిలో ఒకరికి ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి.

మరి ఎందుకు చేయిస్తారంటే, ముందు ముందు ఏమవుతుందో అంచనా వేయడానికి. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో వేలమందిని 20 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి ఉంది. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలు కూడా ఉన్న స్త్రీలలో ఏడాదికి 4 శాతానికి కాస్త ఎక్కువమందికి పూర్తి హైపోథైరాయిడిజం వచ్చింది. టీఎస్‌హెచ్ మాత్రమే పెరిగినవారిలో అది 3 శాతం లోపే. అంటే యాంటీబాడీలు ఉన్నాయంటే రేపే మందు అని కాదు, ఏడాదికోసారి పరీక్ష మానవద్దని. ఒకసారి ఉన్నాయని తేలాక ఈ పరీక్షను పదేపదే చేయించే అవసరం సాధారణంగా ఉండదు.

టీఎస్‌హెచ్ పడిపోయినవాళ్లకు అడిగే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ వేరు. అది థైరాయిడ్‌ను మితిమీరి పనిచేయించే గ్రేవ్స్ జబ్బును పట్టిస్తుంది. థైరోగ్లోబ్యులిన్ అన్న పేరు కనిపిస్తే దాని ముందు యాంటీ ఉందో లేదో చూడండి. యాంటీ ఉంటే అది యాంటీబాడీ. లేకపోతే, అది ఎక్కువగా థైరాయిడ్ క్యాన్సర్ చికిత్స తర్వాత నిఘా కోసం చేసే పరీక్ష. ఇంకొక మాట: గొంతు దగ్గర గడ్డ తగిలితే, టీఎస్‌హెచ్ మామూలుగా వచ్చిందని ఊరుకోవద్దు. ఈ రక్త పరీక్షలు గడ్డ మంచిదో చెడ్డదో చెప్పలేవు. దానికి స్కానింగ్ కావాలి.

ఏడో పని: అంకెను చెడగొట్టినవి ఏమైనా ఉన్నాయేమో వెతకండి

రిపోర్టు, మనిషి ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే, మొదట నేను అడిగే మాట ఇది: "జుట్టుకో గోళ్లకో ఏవైనా మాత్రలు వేసుకుంటున్నారా?" వాటిలో ఉండే బయోటిన్ చాలా యంత్రాల్లోని పరీక్షా విధానానికి అడ్డుపడుతుంది. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. ఆ మాత్రల్లో 5,000 లేదా 10,000 మైక్రోగ్రాములు ఉంటాయి. దాంతో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4, టీ3 ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. అచ్చం హైపర్‌థైరాయిడిజం (థైరాయిడ్ మితిమీరి పనిచేయడం) లాగే ఉంటుంది, మనిషి మాత్రం నిక్షేపంలా ఉంటాడు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్రలు ఆపాలి. మరీ పెద్ద డోసు వాడేవాళ్లు ఇంకా ముందే ఆపాలి, ఎన్ని రోజులన్నది డాక్టరును అడగండి.

పెద్ద జబ్బు నుంచి తేరుకుంటున్న వారాల్లో టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పెరుగుతుంది, కొన్నిసార్లు 20 దగ్గరిదాకా. అత్యవసరం కాకపోతే పూర్తిగా కోలుకున్నాకే పరీక్ష చేయించడం మంచిది. గుండె లయకు వాడే అమియోడరోన్, మానసిక చికిత్సలో వాడే లిథియం థైరాయిడ్ పనినే మార్చగలవు. స్టెరాయిడ్లు టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. వాడే మందులన్నిటి పేర్లూ రాసి తీసుకెళ్లండి. వీటిలో దేన్నీ పరీక్ష కోసం సొంతంగా ఆపవద్దు.

గర్భిణులు అయితే

ఇక్కడ మామూలు హద్దు చెల్లదు. తొలి మూడు నెలల్లో గర్భానికి సంబంధించిన హార్మోను థైరాయిడ్‌ను తానే తట్టి లేపుతుంది, కాబట్టి టీఎస్‌హెచ్ సహజంగానే దిగుతుంది. 0.2 చూసి హైపర్‌థైరాయిడిజం అనుకోనవసరం లేదు. పై హద్దు కూడా కిందికి దిగుతుంది. ల్యాబ్ దగ్గర గర్భిణుల కోసం ప్రత్యేక హద్దు లేకపోతే సుమారు 4.0ని పై హద్దుగా తీసుకుంటారు. ముందు నుంచీ మాత్ర వాడుతున్నవారికి 2.5 లోపు ఉంచాలని చూస్తారు.

మాత్ర వాడుతున్న తల్లికి గర్భం నిలిచిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోను చేయాలి, మొదటి స్కానింగ్ దాకా ఆగకూడదు. చాలామందికి డోసు పావు వంతు నుంచి సగం దాకా పెంచాల్సి వస్తుంది. బిడ్డ థైరాయిడ్ పని అందుకునేదాకా తల్లి హార్మోనే ఆధారం. గర్భం మధ్యకాలం వరకూ నాలుగు వారాలకోసారి పరీక్ష ఉంటుంది. గర్భం కాబట్టి మందులేవీ వద్దని థైరాయిడ్ మాత్ర ఆపేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు.

మాత్ర వాడుతున్నవాళ్లు రిపోర్టు చదివే పద్ధతి

హైపోథైరాయిడిజానికి ఇచ్చే లీవోథైరాక్సిన్ మాత్రలో ఉన్నది టీ4. రక్తంలో అది సగానికి తగ్గడానికి ఏడు రోజులు పడుతుంది. డోసు మార్చాక కొత్త స్థాయి నిలకడ పడటానికి అలాంటి ఐదు వారాలు, పిట్యూటరీ దానికి అలవాటు పడటానికి ఇంకొంచెం. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత పరీక్ష అంటారు. పది రోజులకే తొందరపడి చేయిస్తే వచ్చే అంకె పాత డోసుదీ కాదు, కొత్త డోసుదీ కాదు.

టీఎస్‌హెచ్ గత ఆరు వారాల సంగతి చెబుతుంది, ఫ్రీ టీ4 ఈ మధ్య కొద్ది రోజుల సంగతి చెబుతుంది. నెలంతా మాత్రలు మరచిపోయి, పరీక్ష దగ్గరపడ్డాక వారం రోజులు శ్రద్ధగా వేసుకుంటే రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువగా, ఫ్రీ టీ4 మామూలుగా లేదా ఎక్కువగా వస్తుంది. అది చూసి డోసు పెంచితే, మీరు రోజూ వేసుకోవడం మొదలుపెట్టగానే మోతాదు మించుతుంది. మరచిపోయిన సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. డాక్టరుకు అది కావలసిన సమాచారం.

పరీక్ష రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల్లో ఫ్రీ టీ4 తాత్కాలికంగా ఎగస్తుంది. అమ్మ ఒకసారి అలవాటు కొద్దీ మాత్ర వేసుకునే వెళ్లింది, ఫ్రీ టీ4 హద్దు దాటింది. ఆ సంగతి చెప్పడంతో డాక్టరుగారు డోసు తగ్గించకుండా ఆగారు.

హైపర్‌థైరాయిడిజానికి మందు వాడుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక, ఒక ఓదార్పు. ఓదార్పు ఏమిటంటే, టీ4, టీ3 హద్దులోకి వచ్చాక కూడా టీఎస్‌హెచ్ వారాలు, ఒక్కోసారి నెలల తరబడి సున్నా దగ్గరే ఉండిపోతుంది. పిట్యూటరీ నిద్ర లేవడానికి అంత కాలం పడుతుంది. అది మందు పనిచేయనట్టు కాదు. హెచ్చరిక ఏమిటంటే, కార్బిమజోల్ గానీ మెథిమజోల్ గానీ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తకణాల లెక్క చూపించుకోండి. అరుదుగా ఈ మందులు తెల్లరక్తకణాల్ని ప్రమాదకరంగా తగ్గిస్తాయి.

చివరి పని: అన్నీ ఒకే పుటలో రాయండి

ఒక్క రిపోర్టు ఒక్క ఫొటో లాంటిది. వరుసగా పెడితేనే కథ తెలుస్తుంది. నోటుపుస్తకంలో గీతలు గీసి తేదీ, రక్తం ఇచ్చిన వేళ, టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, అప్పటి డోసు రాయండి. చివర ఒక వెడల్పాటి గడి వదలండి. ఆ మధ్యకాలంలో మారినవన్నీ అందులో రాయాలి: జ్వరం, కొత్త మందు, బరువు, మాత్రల బ్రాండ్ మార్పు.

అమ్మ పుటలో మొదటి రెండేళ్లు 6.8, 5.9, 7.3, 11.4 అని ఉన్నాయి. 11.4 మళ్లీ పరీక్షించినా తగ్గకపోవడంతో మాత్ర మొదలైంది. తర్వాత 2.6, 2.2, 2.9. ఆ తర్వాత ఉన్నట్టుండి 9.6. డోసు అదే, ఒక్కరోజు కూడా మానలేదని అమ్మ ఒట్టు పెట్టి చెప్పింది. డోసు పెంచాలేమో అనుకుంటూ డాక్టరుగారి దగ్గర పుస్తకం తెరిచాను. చివరి గడిలో నా రాతే ఉంది: "రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, రెండు నెలలుగా." అమ్మ రెండు మాత్రలూ పొద్దున్నే ఒకే గ్లాసు నీళ్లతో మింగుతోంది. ఐరన్, కాల్షియం థైరాయిడ్ మాత్రను కడుపులోనే పట్టి ఉంచుతాయి, ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, ఏమైనా తినడానికి అరగంట నుంచి గంట ముందు, ఐరన్ దానికి కనీసం నాలుగు గంటల తర్వాత అని డాక్టరుగారు రాసిచ్చారు. డోసు ముట్టుకోలేదు. ఎనిమిది వారాల తర్వాత ఆ గడిలో రాసిన అంకె 2.4.